ఓంకార్ పేరు పెట్టిన వాక్యం

పదకొండు కావడానికి ఇంకా దాదాపు గంట ఉంది. అయినా ఆ వాక్యం అప్పుడే అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయినట్టు జ్యోత్స్న తన ఫోను తీసి చూసుకుంది. కంప్యూటర్ తెర మీద పచ్చరంగు గడిలో నిమ్మళంగా కూర్చుని ఉంది అది. నేటి పదం: డిస్‌హార్టెన్. అర్థం: అధైర్యపరచు, నిరుత్సాహపరచు. దాని కింద ఉదాహరణ: ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్ళినా ఉద్యోగం రాకపోవడంతో ఓంకార్ పూర్తిగా అధైర్యపడిపోయాడు. రాసింది తనే, పక్కన తన పేరు కూడా ఉంది, కాదనడానికి లేదు. ఓంకార్ అంటే దారినపోయే ఓంకార్ కాదు, తన మొగుడు. ఇప్పుడు, ఈ నిమిషాన, కోకాపేటలో ఏదో అద్దాల బిల్డింగులో, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని సోఫాకు వీపు కూడా ఆనించకుండా కూర్చుని, లోపలికి రమ్మనే మెసేజ్ కోసం ఫోను కేసి చూస్తున్న మొగుడు. ఆ కంపెనీలో పేరు పెట్టి పిలవరట, వంతు వచ్చినవాళ్ళకు ఫోనుకే కబురు వస్తుందట, పొద్దున టిఫిన్ దగ్గర చెప్పాడు. అంటే ఆ పదకొండు గంటలకు ఫోను అతని జేబులో ఉండదు, బ్యాగులో ఉండదు, కళ్ళ ముందే ఉంటుంది. ఇంత చక్కగా ఎవరైనా పగబట్టి చేసినా కుదరదు, తను పగేమీ లేకుండానే కుదిర్చింది.

తెలుగులోంచి ఇంగ్లీషు నేర్పే యాప్ వాళ్ళది, ఆఫీసు కొండాపూర్‌లో, కింద బిర్యానీ హోటలు, పైన నాలుగు అంతస్తులు వీళ్ళవి. రోజుకొక మాట, పదకొండింటికి, లక్షల ఫోన్లలో టింగుమంటుంది. ఉదాహరణల్లో సినిమా వాళ్ళ పేర్లు వద్దు, నాయకుల పేర్లు వద్దు, మామూలు మనుషుల పేర్లు పెట్టండి అన్నారు చేరిన కొత్తలో. మామూలు మనుషులు ఎక్కడుంటారు, ఇంట్లోనే ఉంటారు. అందరూ ఇళ్ళల్లో వాళ్ళ పేర్లే పెట్టడం మొదలుపెట్టారు. ఒకామె తన ఆడబిడ్డ పేరు అన్ని దొంగతనాలకూ అబద్ధాలకూ వాడి కసి తీర్చుకునేది. జ్యోత్స్న అత్తమ్మను వాడింది. చంద్రమ్మ పెరట్లో కరివేపాకు సమృద్ధిగా ఉంది, చంద్రమ్మ ఎవరికీ భయపడదు. మొదటిసారి ఆ పేరు వచ్చిన రోజు చంద్రమ్మ తెల్లాపూర్‌లో ఇంటి గల్లీ అంతా తిరిగి చూపించింది, చదువు రాకపోయినా పేరు గుర్తుపట్టగలదు. "లచ్చల మంది సదువుతరా బిడ్డా నా పేరు? గా అమెరికల ఉన్నోళ్ళు గూడ?" అని అడిగి, అడిగి, చివరికి కొత్త చీర కట్టుకుంది. అప్పటినుంచి పదకొండయితే ఇంట్లో అదొక సరదా, ఈ రోజు ఎవరి పేరొచ్చింది అని ఓంకార్ పైకి చదవడం, ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి మరీ చదవడం, అమ్మ నవ్వడం, సాయంత్రం జ్యోత్స్న ఇంటికి వచ్చాక మళ్ళీ ఒకసారి చెప్పడం. ఉద్యోగం పోయాక ఓంకార్ ఆ పని ఇంకా శ్రద్ధగా చేస్తున్నాడు. ఇంట్లో ఉన్నవాడికి పదకొండింటికి ఒక పని దొరికినట్టయింది.

ఆ వాక్యం రాసి రెండు నెలలైంది. అంత ముందుగా రాసి పెట్టుకుంటారు, అవి వరుసలో పడి ఉండి, ఎప్పుడో ఒక పొద్దున వాటి వంతు వస్తుంది, అప్పటికి రాసినవాళ్ళు మరిచిపోయి ఉంటారు. జ్యోత్స్న మరిచిపోయింది. కాదు, మరిచిపోయానని అనుకుంది, ఎందుకంటే అది రాయడానికి ముందు రోజు సాయంత్రం మాత్రం అలాగే ఉంది కళ్ళలో. క్యాబు వాళ్ళ గల్లీ మలుపులో ఆగింది, ముందు నీళ్ళ ట్యాంకరు అడ్డం. పక్కన మూసేసిన జిరాక్స్ షాపు షటరు ముందు స్కూటరు మీద ఒక మనిషి, హెల్మెట్ తీయకుండా, ఇంజను ఆపేసి కూర్చున్నాడు. చొక్కా చూసి గుర్తుపట్టింది, తనే ఇస్త్రీ చేసిన చొక్కా. పిలవబోయి ఆగింది. అతను హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు, రెండుసార్లు, గట్టిగా, మసి పట్టిన గిన్నెను తోమినట్టు. తర్వాత స్కూటరు అద్దంలో చూసుకుంటూ నవ్వాడు. నచ్చలేదేమో, మళ్ళీ నవ్వాడు. ఆ రెండోది బాగా వచ్చింది. ఆ నవ్వు చెదరకుండా పట్టుకుని, స్కూటరు స్టార్ట్ చేసి, నాలుగిళ్ళ అవతల ఉన్న ఇంటికి వెళ్ళాడు. ఆమె ట్యాంకరు కదిలేదాకా క్యాబులోనే ఉండి, కాసేపాగి, ఏమీ ఎరగనట్టు వెళ్ళింది. అప్పటికి అతను మిర్చి బజ్జీల పొట్లం విప్పి అమ్మకు ఇంటర్వ్యూ చేసినవాడి గొంతు అనుకరించి చూపిస్తున్నాడు. చంద్రమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఎట్లయింది?" అంది జ్యోత్స్న. "ఫస్ట్ క్లాస్! మంచిగనే అయింది, చెప్తమన్నరు" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వారు, బజ్జీలు బాగున్నాయి, అందులో అబద్ధమేమీ లేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె వంతుకు వచ్చిన మాట ఇది. యాభై మాటల్లో ఇదే రావాలా, అనుకుంది. అర్థం రాయడం ఎంతసేపు, నిఘంటువు చూసి రెండు మాటలు వేస్తే అయిపోతుంది, కానీ చేయి కదల్లేదు. నిరుత్సాహం అంటే వాన పడి మ్యాచి ఆగిపోతే కలిగేది. నిరాశ అంటే కావాలనుకున్నది దక్కకపోతే. దిగులు సాయంత్రాలు ఊరికే కూడా వస్తుంది, దానికి కారణం అక్కర్లేదు. డీలాపడటం అంటే రేపు మళ్ళీ లేచేవాళ్ళు పడేది. అత్తమ్మయితే రంది అంటుంది, రంది పెట్టుకోకు బిడ్డా అని అందరికీ చెప్తుంది, రంది అంటే ఏదో కుండలో దాచిపెట్టుకునే వస్తువైనట్టు. ఓంకార్ స్నేహితులు దిల్ ఛోటా చేసుకోకు భాయ్ అంటారు. ఇవన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, ఏ ఒక్కటీ స్కూటరు మీద కూర్చున్న ఆ మనిషి కాదు. ఈ ఇంగ్లీషు మాటకు ఒక చిత్రం ఉంది, ఆ పని చేసేవాడు వేరే ఉంటాడు. ఒకడి ధైర్యాన్ని ఇంకెవరో, ఇంకేదో, కొంచెం కొంచెంగా తీసేస్తూ పోతారు. మనం మాత్రం అధైర్యపడ్డాడు అంటాం, వాడే కాలు జారి పడ్డట్టు. ఆ కోపంలో రాసింది ఆ వాక్యం, ఎవరి మీద కోపమో తెలియదు. ఇంకో పేరు వెయ్యాలనే అనుకుంది, తర్వాత మారుద్దాం, ముందు వాక్యం నిలబడనీ అని. ఉదాహరణలు ఆశతో ముగియాలి, బాధతో ముగిస్తే జనం యాప్ తీసేస్తారు, అది అక్కడి కచ్చితమైన నియమం. అందుకని దాని వెనకాల ఇంకొకటి తగిలించింది: అయినా మళ్ళీ ప్రయత్నించి విజయం సాధించాడు. ఆ విజయం రాయడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఫోను మీద టింగుమన్నప్పుడు మాత్రం ఒక్క వాక్యమే పడుతుంది, రెండోదానికి చోటుండదు, అది కావాలంటే వేలితో నొక్కి లోపలికి వెళ్ళాలి, ఎవరూ వెళ్ళరు. అంతలో మీటింగుకు పిలిచారు, వెళ్ళింది, వచ్చి ఇంకో మాట ఎత్తుకుంది.

ఇప్పుడు ఆపాలంటే ఆపే పద్ధతి ఒకటుంది. ముందు రోజు రాత్రే ఆ వాక్యాలు బెంగళూరులో ఎవరి చేతికో వెళ్ళిపోతాయి, వాళ్ళకు అర్జీ పెట్టాలి, కారణం ఎంచుకోవాలి. కారణాలు మూడే ఇచ్చారు: అర్థం తప్పు, అక్షర దోషం, అభ్యంతరకరం. ఆమె ఆ మూడింటినీ చాలాసేపు చూసింది. అర్థం తప్పు కాదు. అక్షరాలు తప్పు కావు. అభ్యంతరం ఉంది, కానీ కులానికీ మతానికీ ఆడవాళ్ళకూ సంబంధించిన అభ్యంతరాలకే అక్కడ తావు, ఒక మొగుడి గురించి నిజం రాసిందన్న అభ్యంతరానికి గడి లేదు. అర్థం తప్పు అన్నదాన్ని నొక్కింది. కాసేపటికే జవాబు వచ్చింది. పరిశీలించాం, అర్థం సరిగానే ఉంది, వాక్యం చాలా బాగుంది. పక్కన ఒక బొటనవేలు బొమ్మ. ఆమెకు నవ్వొచ్చింది. ఆదర్శ్ ఇంకా రాలేదు, వీళ్ళ టీమ్‌కు పెద్ద అతను, కూకట్‌పల్లి నుంచి బస్సులో వస్తాడు. వచ్చాడని తెలియగానే పరుగున వెళ్ళి లిఫ్టు దగ్గరే పట్టుకుంది. అతను విన్నాడు, భుజం మీది బ్యాగు కూడా దించకుండా ఆమె కంప్యూటరు మీదికి వంగి రెండు మూడు చోట్ల నొక్కాడు, ఎవరికో ఫోన్ చేశాడు, ఇంగ్లీషులో బతిమాలాడు. "లాక్ అయిపోయిందండీ జ్యోత్స్న గారూ. ఇప్పుడు మనం ఏం చేసినా ఆగదండి." తర్వాత తెరమీద వాక్యం మళ్ళీ చదివి, చదివినందుకు సిగ్గుపడ్డట్టు కళ్ళు తిప్పుకుని, "మీ వారా అండీ?" అన్నాడు. "ఆఁ" అంది. "ఓంకార్లు బోలెడుమంది ఉంటారు లెండి, ఆయన అలా అనుకోరు" అన్నాడు. మంచివాడు పాపం. అతని మంచితనంతో అయ్యే పని కాదు.

ఫోన్ చేసింది. మోగింది, కట్ చేశాడు. వెంటనే మెసేజ్ వచ్చింది: రిసెప్షన్‌ల ఉన్న, తర్వాత చేస్త. ఆమె రాయడం మొదలుపెట్టింది. ఈ రోజు పదం చూడకు. తుడిచేసింది, చూడకు అంటే చూడనివాడు ఎవడు. యాప్ తీసెయ్ ఒకసారి. ఎందుకు అంటాడు, ఎందుకో చెప్పాలి. ఫోను మూసేసి పెట్టు. వంతు ఎట్ల తెలుస్తది అంటాడు, నిజమే మరి. ముందే చెప్పేస్తే, ఇట్ల ఒకటి వస్తది, నేనే రాసిన, వేరే అర్థం తీసుకోకు అని. వేరే అర్థం ఏముంది దానికి, పరిశీలించినవాళ్ళు కూడా సరిగానే ఉందన్నారు. ముందే చెప్పడమంటే పదకొండింటికి జరగాల్సిన పని తన చేతులతో పది ముప్పావుకే చేయడం. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు తుడిచింది. అవతల ఓంకార్ ఫోను మీద మూడు చుక్కలు కనబడుతూ, మాయమవుతూ ఉండి ఉంటాయి, ఏదో పంపబోయి పంపడం లేదని అతనికి తెలిసే ఉంటుంది. ఆల్ ద బెస్ట్ చెప్పడానికి సిగ్గుపడుతుందని అనుకున్నాడేమో, ఒక నవ్వు బొమ్మ పంపాడు. దాన్ని చూస్తే ఆమెకు స్కూటరు అద్దం గుర్తొచ్చింది, ఈ నవ్వు అక్కడ చూసిన మొదటిదా రెండోదా అని.

ఓంకార్ అసలు ఇంత మెత్తటి మనిషి కాదు. పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాడు, ఇతరులు చేసినవాటిలో తప్పులు వెతికే ఉద్యోగం, తిండి కంటే ఇష్టంగా చేసేవాడు. కొత్త కుక్కరు కొంటే మూత పదిసార్లు పెట్టి తీసి చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె హెల్మెట్ పట్టీ లాగి లాగి, ఇది వదులైతది జ్యోత్స్నా, వేరేది కొందాం, అని అప్పటికప్పుడు బండి తిప్పాడు. ఆ పని ఇప్పుడు మిషన్లే చేసుకుంటాయన్నారు, మనిషి చూడక్కర్లేదన్నారు, గేటు దగ్గర ఐడీ కార్డు తీసుకుని పంపేశారు. తర్వాత చాలా రోజులు ఇంట్లో నుంచి బయటికి వెళ్ళేటప్పుడు ఎద మీద చెయ్యి పెట్టి తడుముకునేవాడు, కార్డు మరిచిపోయానేమో అని. తడుముకుని, దొరక్క, చొక్కా గుండీ సర్దుకున్నట్టు చేసేవాడు. అవన్నీ ఆమె చూసేది. చూడనట్టుండేది. తను చూసిందని తెలిస్తే అతను ఆ కాస్త కూడా కూలిపోతాడని భయం. ఇంతకాలం ఈ ఒక్క పనీ జాగ్రత్తగా చేసింది, తెలియనట్టుండటం, ఫస్ట్ క్లాస్ అంటే ఫస్ట్ క్లాస్ అని నమ్మినట్టుండటం. ఆ నమ్మకం పట్టుకునే అతను మళ్ళీ చొక్కా వేసుకుని వెళ్తున్నాడు. దాన్ని ఇప్పుడు లాక్కుంటోంది, అదీ సరిగ్గా అతను తలుపు ముందు నిలబడినప్పుడు, అదీ లక్షల మంది చూస్తుండగా. ఇంగ్లీషు మాటకు చేసేవాడు ఒకడు ఉండాలి కదా, ఇవాళ తనే.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. అత్తమ్మ ఫోను. అక్షరాలు రాకపోయినా కొడుకు పేరు గుర్తుపడుతుంది, ఓంకార్ అని కనబడితే పక్కింటామె దగ్గరికి పరుగెత్తుతుంది, సదువమ్మా నా కొడుకు పేరొచ్చింది అని, సంబరంగా. పక్కింటామె చదువుతుంది. ఆగలేక చదువుతుంది, అంతా చదువుతుంది. జ్యోత్స్న కుర్చీ వెనక్కి నెట్టి లేచింది, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంది. కోకాపేట ఎంత దూరం, ఆటో దొరికినా బొటానికల్ గార్డెన్ దగ్గరే అరగంట, గచ్చిబౌలి ఫ్లై ఓవర్ కింద ఇంకో అరగంట, వెళ్ళి మాత్రం ఏం చేస్తుంది, ఫోను లాక్కుంటుందా. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద బండ్లు కదలకుండా ఉన్నాయి. ఎదుటి బిల్డింగు అద్దాలు తాళ్ళకు వేలాడుతూ ఎవరో కడుగుతున్నారు. అంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, పదకొండు కూడా దాని పని అది చేస్తుంది.

చేసింది. ముందు ఎక్కడో దూరపు బల్ల మీద ఒక ఫోను టింగుమంది, తర్వాత దాని పక్కది, తర్వాత అంతస్తంతా, వరుసగా, ఆ ఆఫీసులో అందరి ఫోన్లలోనూ ఆ యాప్ ఉంటుంది మరి. ఎవరూ తలెత్తి చూడలేదు, రోజూ వినే మోతే కదా. ఆదర్శ్ ఒక్కడూ తన ఫోను బోర్లించి పెట్టాడు. ఆమె ఫోను చివరికి మోగింది. చూసింది, ఓంకార్ పేరు ఉంది, చుక్క తేడా లేకుండా ఉంది. వెనకాల విజయం లేదు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియలేదు. ఇంకో మాట తెరిచి అర్థం రాయబోయింది, డిలైట్, దానికి చంద్రమ్మ చాలా సంతోషించింది అని రాసి, చేతులు ముడుచుకుని కూర్చుంది. అత్తమ్మ దగ్గర్నుంచి ఫోను రాలేదు, పక్కింటామె ఇంట్లో లేదేమో. చూసి ఉంటాడు. చూసి ఉండడు, సరిగ్గా అప్పుడే లోపలికి పిలిచి ఉంటారు, ఫోను సైలెంట్‌లో పెట్టి ఉంటాడు, లోపల గలగలా మాట్లాడుతూ ఉంటాడు, మాట్లాడితే వాళ్ళకు తప్పకుండా నచ్చుతాడు, నచ్చని వాళ్ళెవరు. చూసినా వేరే ఓంకార్ అనుకుంటాడు. ఎందుకనుకుంటాడు, ఫోనులో వాక్యాల కింద రాసినవాళ్ళ పేరుండదు గానీ ఇంట్లో ఎవరికి తెలియదు, చంద్రమ్మ ఉన్న చోట ఓంకార్ ఉంటే రాసింది ఎవరో. చూసి, లేచి బయటికి వెళ్ళిపోయి ఉంటాడు. వెళ్ళి ఎక్కడుంటాడు. అక్కడ జిరాక్స్ షాపు కూడా ఉండదు, అన్నీ కొత్త టవర్లు, కూర్చునేందుకు ఒక అరుగుండదు. దేవుడా, ఇంటర్వ్యూ పోతే పోనీ, మనిషి ఇంటికి రానీ, అనుకుంది. ఇంతలోనే ఎంత తగ్గిపోయాయో ఆమె కోరికలు.

ఫోన్ మోగినప్పుడు భయపడి వెంటనే ఎత్తలేదు. ఎత్తి, మెట్ల దారిలోకి వెళ్ళి, గోడకు ఆనుకుంది. అవతల లారీల మోత, కంకర మిక్సరేదో తిరుగుతున్న చప్పుడు, అతని ఊపిరి.

"అయిపోయింది" అన్నాడు. "పది నిమిషాలే. చెప్తమన్నరు."

ఎప్పుడూ పక్కన ఉండే ఫస్ట్ క్లాస్ లేదు. ఆమె అడగకూడదనుకుంది, అడిగింది. "ఫోన్ చూసినవా?"

"చూసిన."

"లోపలికి పోకముందా?"

"ముందే" అన్నాడు. "చూడంగనే పిలుపొచ్చింది. లోపలికి పోయిన. వాళ్ళేమో అడుగుతున్నరు, నాకేమో అదే కనవడుతున్నది."  కోపం ఉందేమోనని ఆమె అతని గొంతంతా వెతికింది, లేదు. కోపమున్నా బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఈ ఇంటర్వ్యూ పోతే దానికి తనే కారణమో, కాదో, ఇక ఎప్పటికీ తెలియదు, అడిగి తెలుసుకునే మనిషి కూడా ఎవరూ లేరు. "అమ్మకు తెల్వకుండ దాచిన. నీకు గూడ తెల్వదనుకున్న జ్యోత్స్నా."

"నాకు తెలుసు."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది" అంది. చెప్పి కళ్ళు మూసుకుంది.

కంకర మిక్సరు తిరుగుతూనే ఉంది. అతను దానికి దూరంగా నడిచినట్టున్నాడు, చప్పుడు కాస్త తగ్గింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చిన్నగా, ఆమె ఎన్నడూ వినని గొంతులా ఉంది. "అయితే ఇయ్యాల ఇంటికొచ్చినంక... నవ్వకున్నా నడుస్తదా?"

"నడుస్తది" అంది జ్యోత్స్న.

 అవతల ఓంకార్ ఏడవడం వినబడింది, పట్టపగలు, రోడ్డు మీద, మనుషులు పోతూ వస్తూ ఉండగా, ఆపుకోకుండా. ఆమె మెట్ల మీద కూర్చుని ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. ఊరుకోమని చెప్పలేదు.